మోగే ఫోను వేరు, చూసే ఫోను వేరు

తిరుపతి నుంచి ఒక అమ్మ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఉండే వీధి బయట పెట్టొద్దన్నారు కాబట్టి విషయం వరకే ఇక్కడ ఇస్తున్నాం.

ఆమెకి 34 ఏళ్లు. ఇంట్లోనే బ్లౌజులు కుడతారు, మగ్గం వర్క్ చేస్తారు. పాప ఐదో తరగతి, బాబు రెండో తరగతి. భర్త కొండకి టాక్సీ నడుపుతారు. వారంలో నాలుగైదు రాత్రులు ఆయన బండి మీదే ఉంటారు. అత్తగారు వీళ్లతోనే ఉంటారు. ఫోన్ చూపించే లెక్క ప్రకారం ఈ అమ్మ స్క్రీన్ చూస్తున్నది రోజుకి దాదాపు 6 గంటలు. కస్టమర్ పంపిన నెక్ డిజైన్ చూద్దామని ఫోన్ తీస్తారు, అక్కడి నుంచి రీల్స్‌లోకి పోతారు. పొయ్యి మీద పాలు మాడిన రోజులున్నాయి. హోంవర్క్ దగ్గర పాప “ఫోన్ పక్కన పెట్టి చెప్పు మా” అంటోందట. పిల్లలు తొమ్మిదిన్నరకి పడుకున్నాక ఒంటి గంట దాకా చూస్తూనే ఉంటారు. మళ్లీ ఐదున్నరకి లేవాలి. కళ్లు మంటలు, మెడనొప్పి, ఇచ్చిన తేదీకి బ్లౌజు ఇవ్వలేక మాటలు పడటం అన్నీ మొదలయ్యాయి.

రెండు నెలల కిందట ఒక చిన్న బటన్ ఫోన్ కొని, తన సిమ్ తీసి అందులో వేసుకున్నారు. రెండు రోజులు ప్రాణం హాయిగా ఉందన్నారు. మూడో రోజు పెద్ద ఫోన్‌లో యూపీఐ యాప్ సిమ్ లేదంటూ ఆగిపోయింది. కస్టమర్ డబ్బు వేశానంటే చూసుకునే దారి లేకపోయింది. ఆ వారమే వానలకి బడి సెలవిచ్చారు. ఆ సంగతి క్లాసు వాట్సాప్ గ్రూపులో మాత్రమే వచ్చింది. పిల్లలకి రెయిన్‌కోట్లు తొడిగి పంపితే గేటు మూసి ఉంది. కువైట్‌లో ఉన్న అన్న వాట్సాప్‌లో ఎన్నిసార్లు చేసినా దొరకలేదని అలిగాడు. “ఉండే ఫోన్ వదిలిపెట్టి ఈ డబ్బా ఏందమ్మా” అని అత్తగారన్నారు. సిమ్ మళ్లీ పెద్ద ఫోన్‌లోకి వెళ్లింది. ఇప్పుడు భర్త, “యాప్‌లకి నేను పాస్‌వర్డ్ పెడతా, కాదంటే ఫోన్ నాకిచ్చెయ్” అంటున్నారు. ఆమె అడుగుతున్నది ఇదీ: బీరువాలో పడున్న ఆ చిన్న ఫోన్ మళ్లీ తీయాలా, లేక నాకే మనోబలం లేదని ఒప్పుకోవాలా?

సమాధానం:

అమ్మా, ముందు మీరు రాసిన లెక్కనే మీకు ఇంకోలా చూపించాలి. తొమ్మిదిన్నర నుంచి ఒంటి గంట దాకా అంటే మూడున్నర గంటలు. రోజుకి ఆరు గంటల్లో సగం పైగా అక్కడే పోతోంది. మిగిలిన రెండున్నర గంటల్లో కస్టమర్లతో మాట్లాడటం, డిజైన్లు చూడటం, బడి మెసేజీలు, డబ్బు చూసుకోవడం అన్నీ ఉన్నాయి. మీ వృత్తికి అది పెద్ద ఎక్కువేమీ కాదు. ఉత్తరం నిండా మీరు పగటి గురించే బాధపడ్డారు. మాడిన పాలు, హోంవర్క్, అత్తగారి మాట గుర్తుండిపోతాయి. రాత్రి పోయే మూడున్నర గంటలు ఎవరికీ కనిపించవు కాబట్టి వాటి గురించి ఒక్క వాక్యమే రాశారు. పగటిది ఒక సమస్య, రాత్రిది ఇంకొకటి. రెంటికీ మందు ఒకటి కాదు.

మనోబలం సంగతి పక్కన పెట్టండి. మీ బటన్ ఫోన్ ప్రయోగం చెడింది మీ వల్ల కాదు, సిమ్ మార్చిన పద్ధతి వల్ల. బ్యాంకు ఖాతాకి ఇచ్చిన నంబరునే చిన్న ఫోన్‌లోకి మార్చారు. యూపీఐ యాప్ ఏ సిమ్‌తో నమోదయిందో ఆ సిమ్ అదే ఫోన్‌లో ఉందా లేదా అని చూసుకుంటుంది. తీసేస్తే ఆగుతుంది. తిరిగి పెడితే మళ్లీ నమోదు చేయమంటుంది. అలా నమోదయ్యాక మొదటి 24 గంటలు పంపగల మొత్తానికి కూడా పరిమితి పెడతారు. వాట్సాప్ ఇన్నాళ్లూ సిమ్ లేకపోయినా వైఫై మీద నడిచేది. కానీ అలాంటి యాప్‌లు, నమోదైన సిమ్ ఆ ఫోన్‌లో ఉంటేనే పనిచేయాలని టెలికాం శాఖ 2025 నవంబరులో ఆదేశించింది. కాబట్టి “సిమ్ చిన్నదాంట్లో, వాట్సాప్ పెద్దదాంట్లో” అనే దారిని ఇక నమ్ముకోవద్దు.

పాత నంబరు పెద్ద ఫోన్‌లోనే ఉండాలి. చిన్న ఫోన్‌కి ఇవ్వాల్సింది ఒక్క పని, మోగడం. మీ చెయ్యి రోజుకి పదిసార్లు పెద్ద ఫోన్ మీదికి పోవడానికి మొదటి కారణం రీల్స్ కావు. ఆయన ఫోన్ చేశారేమో, బడి నుంచి ఏదైనా వచ్చిందేమో అన్న ఎదురుచూపు. ఆ ఎదురుచూపు చిన్న ఫోన్‌కి పోతే పెద్ద ఫోన్‌ని ఒకచోట పెట్టగలుగుతారు. ఒకచోట పెట్టగలిగితేనే దానికి వేళలు పెట్టగలరు.

చిన్న ఫోన్‌కి కాల్స్ రావడానికి మీకు రెండు దారులున్నాయి.

మొదటిది రెండో సిమ్. ఆధార్‌తో దుకాణానికి వెళ్తే ఇస్తారు. ఒకరి పేరు మీద 9 సిమ్‌ల దాకా ఉండొచ్చు. టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని ఉన్నాయో ముందే చూసుకోండి. తెలియని నంబరేదైనా కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు. దుకాణంలో “డేటా వద్దు, కాల్స్, ఎస్సెమ్మెస్ ఉన్న ప్యాక్ చాలు” అని గట్టిగా చెప్పండి. అలాంటి ప్యాక్‌లు ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది కాబట్టి అన్ని పెద్ద కంపెనీల దగ్గరా ఉన్నాయి. అడగకపోతే డేటా ప్యాకే అంటగడతారు. ఈ కొత్త నంబరు మీ ఆయనకి, బడి ఆఫీసుకి, ఆటో అన్నకి, అమ్మగారింటికి, పాత కస్టమర్లలో నమ్మకమైన వాళ్లకి మాత్రం ఇవ్వండి. బ్యాంకుకి, గ్యాస్‌కి, ఏ యాప్‌కీ ఇవ్వకండి. అప్పుడే ప్రకటనల కాల్స్ రాకుండా అది శుభ్రంగా ఉంటుంది. నష్టం ఏమిటంటే రెండో రీఛార్జి ఖర్చు, నలుగురికీ కొత్త నంబరు చెప్పుకునే శ్రమ.

రెండోది కాల్ ఫార్వర్డింగ్. కొత్త నంబరు ఎవరికీ చెప్పకుండా, పాత నంబరుకి వచ్చే కాల్స్‌ని చిన్న ఫోన్‌కి మళ్లించడం. దీనికీ చిన్న ఫోన్‌లో ఒక సిమ్ ఉండాలి కానీ ఆ నంబరు లోకానికి తెలియక్కర్లేదు. పెద్ద ఫోన్‌లో కాల్ సెట్టింగ్స్ తెరిచి, కాల్ ఫార్వర్డింగ్‌లో చిన్న ఫోన్ నంబరు వేయాలి. “ఎప్పుడూ మళ్లించు” అని పెడితే పెద్దది అసలు మోగదు. “ఎత్తకపోతే మళ్లించు” అని పెడితే ముందు పెద్దది మోగి, తర్వాత చిన్నదానికి వస్తుంది. మీకు మొదటిదే సరి. రెండోది పెడితే పెద్ద ఫోన్ దగ్గరికి మళ్లీ పరుగెత్తుతారు. ఇందులో లోపాలూ ఉన్నాయి. మళ్లేది మామూలు కాల్ ఒక్కటే. ఓటీపీ మెసేజీలు, వాట్సాప్ కాల్స్ మళ్లవు. ఫోన్‌లోనే చదివి చెప్పే ఓటీపీలు మాత్రం మళ్లిపోతాయి, కాబట్టి చిన్న ఫోన్‌ని ఎక్కడపడితే అక్కడ వదలకూడదు. ఇంకొక హెచ్చరిక: కొరియర్ అనో, కంపెనీ అనో చెప్పి ఎవరైనా స్టారుతో మొదలయ్యే కోడ్ నొక్కమంటే నొక్కకండి. మీ కాల్స్‌ని వాళ్ల నంబరుకి మళ్లించుకోవడానికి మోసగాళ్లు వాడే ఎత్తు అది. అనుమానం వస్తే ##002# నొక్కితే ఫార్వర్డింగ్ అంతా రద్దవుతుంది. మీరు పెట్టుకున్నది కూడా పోతుంది, మళ్లీ పెట్టుకోవాలి.

రెంటిలో మీకు రెండో సిమ్ మేలనిపిస్తోంది. ఫార్వర్డింగ్ పెడితే ప్రకటనల కాల్స్ కూడా చిన్న ఫోన్‌కే వస్తాయి. మిషన్ మీద కూర్చున్నప్పుడు అది మోగితే, ఇది మనకి కావలసిన వాళ్లే అన్న నమ్మకం ఉండాలి.

ఫోన్ మీ దగ్గర ఉంది కాబట్టి కొనే ముచ్చట లేదు. కొన్ని చూసుకోవాలి. అది 2జీ ఫోన్ అయితే జియో సిమ్ అందులో పనిచేయదు, ఆ కంపెనీకి 2జీ నెట్‌వర్కే లేదు. 4జీ బటన్ ఫోన్ అయితే వీడియోలు, నెట్ కూడా ఉండొచ్చు. డేటా లేని ప్యాక్ తీసుకోమన్నది అందుకే. కొత్త సిమ్ కార్డు మూడు సైజుల గాట్లతో వస్తుంది. అన్నిటికంటే చిన్న ముక్కని విరవకండి. చాలా బటన్ ఫోన్లకి పెద్ద సైజే పడుతుంది. విరిచిన ముక్కని ఖాళీ చట్రంలో పెట్టి తోస్తే లోపల ఇరుక్కుని, లాగేటప్పుడు పిన్నులు వంగిపోతాయి. తర్వాత “సిమ్ వేయండి” అని చూపిస్తూ ఉంటుంది, బాగుచేయించే ఖర్చుతో ఇంకో ఫోన్ వస్తుంది. తెలుగులో ఒక ఎస్సెమ్మెస్ పంపించుకుని చూడండి. అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే ఆ ఫోన్‌కి తెలుగు రాదు, బడి వాళ్లని ఇంగ్లీషులో పంపమనాలి. తెలుగు మెసేజ్ ఒక్కోటి 70 అక్షరాలకే నిండిపోతుంది. పెద్ద కబురైతే రెండు మూడు ముక్కలుగా వస్తుంది, ఒకటి ముందూ వెనకా కావచ్చు.

నంబర్లన్నీ పెద్ద ఫోన్ నుంచి మార్చాలని కూర్చోకండి. ఇరవై పేర్లు చేత్తో ఎక్కించుకుంటే చాలు. మీ ఆయన నంబరు 2 మీద, బడి 3 మీద, ఆటో 4 మీద స్పీడ్ డయల్ పెట్టండి. అత్తగారికి కూడా ఆ మూడు బటన్లు చూపించండి. మీరు బజారుకి పోయినప్పుడు ఆమె గబుక్కున ఒక్క బటన్ నొక్కి కొడుకుతో మాట్లాడగలిగితే, ఆ ఫోన్ మీద ఆమెకున్న చిరాకు సగం పోతుంది.

చిన్న ఫోన్ ఎప్పుడూ మీ దగ్గరే ఉండాలి, మంచం మీదో ఫ్రిజ్ మీదో వదిలేస్తే పని జరగదు. కుట్టు మీ చేతిలో పని. 14 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు వచ్చేలా ఒక సంచి కుట్టి, నొక్కుడు బటన్ పెట్టి, మిషన్ బల్ల పక్కన తగిలించండి. నడుముకి కట్టుకునేలా నాడా కూడా పెట్టండి.

పెద్ద ఫోన్‌కి హాల్లో ప్లగ్ పాయింట్ దగ్గర ఒక చోటు ఇవ్వండి. వైరు పొట్టిదై ఉండాలి, పక్కన కుర్చీ ఉండకూడదు. నిలబడి చూసేది ఎంతసేపు చూస్తాం? వేళలు మీ ఇంటికి తగినట్టు పెట్టుకోండి. నా ఆలోచన ఇది: పొద్దున ఆరూ ముప్పావుకి ఐదు నిమిషాలు, పిల్లలు బడికి వెళ్లాక పదిహేను నిమిషాలు, మధ్యాహ్నం రెండింటికి కస్టమర్ల కోసం అరగంట, రాత్రి ఎనిమిదింటికి ఇరవై నిమిషాలు. ఆరూ ముప్పావు ఎందుకంటే, మన జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. వాయుగుండం పట్టిందంటే కలెక్టరు సెలవు ముందురోజు రాత్రో, తెల్లవారి తర్వాతో ప్రకటిస్తారు. ఆ మూడు నెలలూ ఆ ఐదు నిమిషాలు వదలొద్దు. ఇంకో కట్టుదిట్టం కూడా చేసుకోండి. పాప క్లాసులో ఒక స్నేహితురాలి అమ్మకి మీ కొత్త నంబరిచ్చి, సెలవంటే ఒక్క కాల్ చేయమని అడగండి. ఏ తల్లీ కాదనదు.

ఆ వేళల్ని కాపాడటానికి చిన్న ఫోన్‌లోని అలారం చాలు. పెద్ద ఫోన్ తీసే ముందు చిన్నదాంట్లో పదిహేను నిమిషాలకి అలారం పెట్టి, దాన్ని వంటింట్లో గట్టు మీద వదిలి రండి. సంచిలోంచి బయటికి తీసేది ఆ ఒక్కసారే. మోగినప్పుడు ఆపాలంటే నడిచి వెళ్లాలి. అలా లేచారంటే చూసేది తెగుతుంది. పెద్ద ఫోన్‌లో యాప్ టైమర్ పెట్టుకుంటే ఇదే పని జరగదా అనుకోవచ్చు. పెట్టండి, తప్పులేదు. సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి, రీల్స్ చూసే యాప్ పక్కనున్న గుర్తు నొక్కి 30 నిమిషాలు పెడితే, ఆ సమయం అయిపోగానే యాప్ మూసుకుని బొమ్మ బూడిద రంగులోకి మారుతుంది. కానీ రెండు చోట్ల చెడుతుంది. తీసేసే మీట కూడా అదే తెరలో ఉంటుంది, రెండు నొక్కులతో పోతుంది. పైగా లెక్క అర్ధరాత్రి పన్నెండుకి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మీరు మేలుకుని ఉండేదే ఆ వేళ! పన్నెండు దాటగానే మీకు కొత్తగా ఇంకో అరగంట దొరుకుతుంది. అందుకే ఒక్క టైమర్‌నే నమ్ముకుంటే మీ రాత్రి సమస్య తీరదు.

అలారం పెట్టడం కూడా విసుగనిపిస్తే, వంటకి వాడే తిప్పుడు టైమర్ పాత్రల దుకాణంలో దొరుకుతుంది. బ్యాటరీ అక్కర్లేదు, 60 నిమిషాల దాకా ఉంటుంది. పది నిమిషాలకి పెట్టాలంటే ముందు చివరిదాకా తిప్పి వెనక్కి పదికి తేవాలి. నేరుగా పదికి తిప్పితే స్ప్రింగు సరిగా బిగుసుకోక మోగకుండానే ఆగిపోతుంది. చాలామంది పాడైందని పారేసేది ఇందుకే.

పగటి పూట పెద్ద ఫోన్‌లో ఒక గంట కూర్చుని సర్దుకోవలసినవి ఉన్నాయి. వాట్సాప్‌లో క్లాసు గ్రూపుని పైన పిన్ చేసి దానికి వేరే మోత పెట్టండి. మిగిలిన గ్రూపులన్నీ ఎప్పటికీ మ్యూట్. మిషన్ దగ్గరికి ఆ ఒక్క మోతే వినిపించాలి. కస్టమర్ల కోసం వాట్సాప్ బిజినెస్‌కి మారండి. అదే నంబరుతో పనిచేస్తుంది, పాత సంభాషణలు ముందు బ్యాకప్ చేసుకోండి. అందులో మీరు చూడని వేళల్లో దానంతట అదే జవాబు వెళ్లేలా పెట్టొచ్చు. ఇలా రాసుకోండి: “కుట్టు పనిలో ఉన్నాను. మెసేజీలు మధ్యాహ్నం 2కి, రాత్రి 8కి చూస్తాను. అర్జెంటయితే కాల్ చేయండి.” కస్టమర్‌ని పోగొట్టేది ఆలస్యమైన జవాబు కాదు, అసలు జవాబు రాకపోవడం.

డిజైన్ల సంగతి మీకు చెప్పేంతదాన్ని కాను కానీ ఒకటి గమనించండి. డిజైన్ ఒప్పుకున్నాక మీకు నెట్ అక్కర్లేదు. ట్రేసింగ్ పేపరు మీదికి ఎక్కించి సూదితో గుచ్చాక ఫోన్‌తో పనేముంది? రెండింటి వేళలో కావలసిన ఫోటోలు గ్యాలరీలో ఒక ఫోల్డర్‌లోకి దించుకుని, రంగులు ముఖ్యమైనవి జిరాక్స్ దుకాణంలో కలర్ ప్రింట్ తీయించుకోండి. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ ఆపేస్తే, ఉన్నది చెరిపేస్తే, తెరవగానే ఎదురయ్యే వీడియోల వరస ఖాళీ అవుతుంది. వెతుక్కుంటే మాత్రం అన్నీ వస్తాయి. నెక్ డిజైన్ కోసం వెళ్లిన వాళ్లకి నెక్ డిజైనే కనపడుతుంది. ఇది చిన్న మార్పే కానీ చాలా పనిచేస్తుంది, ముందు ఇదే చేయండి.

డబ్బుకి క్యూఆర్ కోడ్ ప్రింట్ తీసి మిషన్ దగ్గర అంటించండి. కస్టమర్ ఎదురుగా ఉన్నప్పుడు పెద్ద ఫోన్ దగ్గరికి వెళ్లి ఖాతాలో పడిందో లేదో చూడండి, ఆమె చూపించే స్క్రీన్‌షాట్ నమ్మకండి. చిన్న మొత్తాలకి కొన్ని బ్యాంకులు మెసేజ్ కూడా పంపవు. దుకాణాల్లో అరిచి చెప్పే సౌండ్ బాక్స్ పెట్టుకోవచ్చు, నెలకి అద్దె ఉంటుంది. రోజుకి నాలుగైదు లెక్కలే ఉంటే అంత అవసరం లేదు.

వీటన్నిటికీ బదులు పూర్తిగా బటన్ ఫోన్‌కే వెళ్లిపోవాలంటే? దారి ఉంది. బటన్ ఫోన్ల కోసం రిజర్వ్ బ్యాంకు 2022 మార్చిలో యూపీఐ 123పే తెచ్చింది. *99# నొక్కి కూడా డబ్బు పంపొచ్చు. పెద్ద మొత్తాలు కుదరవు, మధ్యలో తెగితే మొదటికి రావాలి. బ్యాంకు నంబరు సిమ్ ఆ ఫోన్‌లోనే ఉండాలి. కానీ ఫోటోలు చూసి కుట్టే మీ వృత్తికి ఇది సంపాదనకే దెబ్బ. నెలకి రెండు మూడు ఆర్డర్లు పోయినా ఆ కోపం మీరు మళ్లీ ఆ చిన్న ఫోన్ మీదే చూపిస్తారు. వద్దనే అంటాను.

ఇక రాత్రి. ఆ మూడున్నర గంటలు మీరెందుకు చూస్తున్నారో మీకూ తెలుసనుకుంటాను. ఐదున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ప్రతి నిమిషం ఇంకొకరిదే. పిల్లలు పడుకున్నాక మిగిలేదే మీ సొంత సమయం. దాన్ని పూర్తిగా లాగేసే ఏ పద్ధతీ నిలబడదు, నిలబడాలని నేనూ కోరుకోను. పది గంటల దాకా అరగంట మీది. రీల్సే చూస్తానంటే అవే చూడండి, కానీ హాల్లో, ప్లగ్ దగ్గర, అలారం పెట్టుకుని. పడకగదిలోకి వెళ్లేది చిన్న ఫోన్ మాత్రమే. పెద్ద ఫోన్ ఇన్నాళ్లూ తలగడ పక్కకి రావడానికి రెండు సాకులున్నాయి: ఐదున్నర అలారం, రాత్రి బండి మీదున్న ఆయన నుంచి రాగల కాల్. రెండూ చిన్న ఫోన్ చూసుకుంటుంది. టార్చి కూడా ఉంటుంది. అలారం ఫోన్ ఆపేసి ఉన్నా మోగుతుందో లేదో ఒకరోజు పగలు పరీక్షించండి. కొన్నింటిలో మోగుతుంది, కొన్నింటిలో మోగదు.

మొదటి వారం రాత్రి పదింటికి నిద్ర రాదు, చెయ్యి ఖాళీగా అనిపిస్తుంది. ఒంటి గంటకి అలవాటుపడ్డ ఒళ్లు ఒక్కరోజులో మారదు. అందుకే పడుకునే వేళని నాలుగు రోజులకోసారి అరగంట చొప్పున ముందుకి జరుపుకుంటూ రండి. ఒంటి గంట నుంచి పన్నెండున్నర, తర్వాత పన్నెండు, అలా. ఆ మధ్య గంటల్లో హెమ్మింగు, హుక్కులు కుట్టడం లాంటి పని పెట్టుకోవచ్చు కానీ మగ్గం మీద కూర్చోకండి. మంట పుట్టే కళ్లకి ఆ వేళ పూసలు ఎక్కించే పని వద్దు.

కొన్ని వారాలు గడిచాక కూడా ఫోన్ లేకపోయినా నిద్ర పట్టకపోతే, పగలు ఏ పని మీదా మనసు పోకపోతే, ఊరికే ఏడుపొస్తుంటే అది ఫోన్ సమస్య కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకి చిన్న ఫోన్ నుంచే చేయొచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళయినా ఎత్తుతారు. రుయా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం కూడా మీకు దగ్గరే.

మీ ఆయన పాస్‌వర్డ్ మాట. ఆయనకి మీ మీద బెంగే ఉండొచ్చు, కానీ ఇది పనిచేయదు. రాత్రి ఆయన బండి మీద ఉంటారు, పగలు మీకు యాప్ కావాలి. ప్రతిసారీ ఫోన్ చేసి అడగాలి. నాలుగోసారి ఆయనే విసుక్కుని చెప్పేస్తారు, లేదా మీరు చిన్నబుచ్చుకుంటారు. సంపాదించే మనిషి పని సామానుకి ఇంకొకరు తాళం వేయడం పిల్లల ముందు కూడా బాగుండదు. దానికి బదులు ఆయన్ని వేరే సాయాలు అడగండి: వాట్సాప్‌కి కాకుండా కొత్త నంబరుకి మామూలు కాల్ చేయమనండి. ఇంట్లో ఉన్న రాత్రుల్లో ఆయన ఫోన్ కూడా హాల్లోనే పెట్టమనండి. పాప చూస్తున్నది మీ ఒక్కరినే కాదు కదా. ఆదివారం ఇద్దరూ కూర్చుని వారం లెక్క చూసుకోండి. ఆరు గంటల నుంచి నెలలో మూడుకి వస్తే చాలా మంచిది, అంతకంటే తగ్గించాలని పంతం వద్దు.

మీ అన్న సంగతి సులువే. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. మనకి రాత్రి తొమ్మిదైతే అక్కడ ఆరున్నర. వారంలో ఏ రెండు రోజులు ఆ వేళకి ఖాళీయో అడిగి, ఆ రోజుల్లో పిల్లలతో సహా పెద్ద ఫోన్ ముందు కూర్చోండి. అప్పుడు అలారం అక్కర్లేదు. అర్జెంటయితే ఆయన మీ వారి నంబరుకి చేస్తారు.

ఒకటి మీరు రాయలేదు కానీ తిరుపతిలో కాపురమున్న వాళ్లందరికీ ఉండేదే. దర్శనం టికెట్లు బుక్ చేయమని చుట్టాలు అడగడం. తితిదే 300 రూపాయల టికెట్ల కోటా విడుదల చేసే రోజు, వేళ ముందే ప్రకటిస్తుంది. దాన్ని చిన్న ఫోన్‌లో అలారంగా పెట్టుకోండి. పేర్లు, వయసు, ఆధార్ నంబర్లు మెసేజీల్లో వెతుక్కుంటూ కూర్చోకుండా ముందురోజే ఒక నోట్‌బుక్‌లో రాయించుకోండి. ఓటీపీ పెద్ద ఫోన్‌కే వస్తుంది కాబట్టి ఆ రోజు దాని దగ్గరే ఉండండి. ఆ సమయాన్ని మీ లెక్కలో వేసుకోకండి. వేళ దాటాక “ఇంకా ఏమైనా ఖాళీలున్నాయేమో చూడు” అని అడిగే వాళ్లకి మాత్రం లింకు పంపి, వాళ్లనే చూసుకోమనండి.